పది నెలల బాబు పాకడం లేదు, వాకర్‌లో తిరుగుతున్నాడు: మెదడు ఎదుగుదలకు ఇబ్బంది ఉంటుందా?

చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకు పది నెలలు నిండాయి. బోర్లా పడ్డాడు, కూర్చోబెడితే కూర్చుంటున్నాడు, కాని పాకడం లేదు. ఇంటిపని సాగదని రోజుకు నాలుగైదు గంటలు వాకర్‌లో ఉంచుతున్నారు, అందులో ఇల్లంతా తిరుగుతున్నాడు. అత్తగారు కింద వదిలేయమంటున్నారు. పక్కింటివారు మాత్రం పాకని పిల్లలకు చదువు అబ్బదని భయపెట్టారు. చిన్నతనంలోని కదలికకు మెదడు ఎదుగుదలతో నిజంగా అంత సంబంధం ఉందా, తాము ఇప్పటికే ఆలస్యం చేశామా అన్నది ఆమె సందేహం.

విజయనగరంలో పిల్లల ఫిజియోథెరపీ చేస్తూ ఇరవై రెండేళ్ళు గడిపిన అనుభవంతో ముందుగా సూటిగా చెబుతాను. సంబంధం ఉంది, అది చాలా లోతైనది. అయితే మెదడును తీర్చిదిద్దే శక్తి బిడ్డ తనంతట తాను చేసే కదలికకే ఎక్కువ. మనం ఎత్తి తిప్పినందువల్ల గాని, చక్రాల మీద జారినందువల్ల గాని ఆ పని జరగదు. వాకర్‌ను ఈ రోజే అటక మీద పెట్టేయండి, బాబును నేల మీద వదలండి. మీ అత్తగారి మాట సరైనది. పది నెలలకు పాకకపోవడం ఒక్కటే అయితే అది జబ్బు కాదు, దానివల్ల చదువు రాకుండా పోదు. కాలం మించిపోలేదు. కాని నేను కింద చెప్పబోయే గుర్తుల్లో ఏదైనా ఉందేమో ఈ వారంలోనే చూసుకోండి. ఉంటే మాత్రం ఒక్క నెల కూడా ఎదురుచూడవద్దు.

ఇక కారణాలు. పుట్టిన బిడ్డ మెదడు రెండేళ్ళు నిండేసరికి పెద్దవారి మెదడు పరిమాణంలో సుమారు 80 శాతానికి చేరుకుంటుంది. శరీరాన్ని తూకంగా నిలిపి, కదలికలను సరిదిద్దే చిన్నమెదడు మొదటి ఏడాదిలోనే రెండింతలకు మించి పెరుగుతుంది. ఈ కాలంలో నాడీకణాల మధ్య అవసరానికి మించి సంబంధాలు ఏర్పడతాయి. వాటిలో వాడుకలో ఉన్నవి బలపడతాయి, వాడనివి క్రమంగా తొలగిపోతాయి. చేతులను, కాళ్ళను నడిపే నాడీమార్గం మెదడు నుంచి వెన్నుపాములోకి దిగుతుంది కదా, పుట్టిన కొత్తలో మెదడులోని ప్రతి అర్ధభాగం నుంచి ఆ తంతువులు శరీరానికి రెండువైపులకూ వెళుతుంటాయి. బిడ్డ చేతులను వాడుతున్నకొద్దీ ఎదుటివైపుకు వెళ్ళే తంతువులు గెలుస్తాయి, అదేవైపుకు వెళ్ళేవి వెనక్కి తగ్గుతాయి. అంటే కుడిచేయిని ఎడమ మెదడు నడపడం అనే ఏర్పాటు స్థిరపడటానికి కూడా ఆ కుడిచేయి కదులుతూ ఉండటం కావాలి.

ఈ పని బిడ్డ మెలకువగా ఉన్నప్పుడే జరుగుతుందని అనుకోకూడదు. పసిబిడ్డ నిద్రలో వేలు ఉలిక్కిపడుతుంది, పెదవి వణుకుతుంది, కాలు చటుక్కున జాడిస్తుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు దేవుడు ఆడిస్తున్నాడని మురిసిపోతారు. ఎలుక పిల్లల మీద చేసిన పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, నిద్రలో అలా ఒక్కొక్క అవయవం విడిగా కదిలినప్పుడల్లా ఆ కదలిక తాలూకు సమాచారం తిరిగి మెదడుకు చేరుతుంది, ఏ కండరం కదిలితే ఏ స్పర్శ కలుగుతుందో మెదడు అలా పోల్చుకుంటుంది. పసిబిడ్డ నిద్రలో దాదాపు సగం ఈ కదలికల నిద్రే.

తనంతట తాను కదలడానికి, ఎవరో కదిలించడానికి మధ్య తేడాను అందరికన్నా స్పష్టంగా చూపినది 1963లో రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు పిల్లిపిల్లలతో చేసిన ప్రయోగం. పిల్లిపిల్లలను జంటలుగా తీసుకుని చీకట్లో పెంచారు. రోజుకు మూడు గంటలు మాత్రం వెలుగులో, గానుగలాగా గుండ్రంగా తిరిగే ఒక సాధనానికి కట్టారు. ఒక పిల్ల తన కాళ్ళతో నడుస్తూ దాన్ని తిప్పుతుంది. రెండో పిల్ల ఆ దూలానికి అవతలి కొసన వేలాడే చిన్న పెట్టెలో కూర్చుని ఉంటుంది. మొదటిది ఎటు తిరిగితే రెండోదీ అటే తిరుగుతుంది కాబట్టి, రెండింటి కళ్ళ ముందు కదిలే దృశ్యం ఒకటే. కొన్ని వారాల తరువాత వాటిని పరీక్షించారు. నడిచిన పిల్లను బల్ల మీదికి దించుతుంటే బల్ల తగలకముందే కాళ్ళు చాపింది, లోతు కనిపించే వైపు అడుగు పెట్టలేదు. పెట్టెలో తిరిగిన పిల్ల కాళ్ళు చాపలేదు, లోతును గుర్తించినట్టే కనిపించలేదు. కళ్ళు రెండింటికీ బాగానే ఉన్నాయి. తాను వేసిన అడుగుకు తగినట్టు కళ్ళముందరి లోకం మారుతుందన్న అనుభవం మాత్రం రెండోదానికి దొరకలేదు. దాన్ని వెలుగులో స్వేచ్ఛగా తిరగనిస్తే రెండు రోజుల్లోనే కోలుకుంది. ఈ చివరి మాటను తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలని నా కోరిక.

నేను వృత్తిలోకి వచ్చిన తొలి ఏళ్ళలో ఈ తేడాను నేనే సరిగా పట్టించుకోలేదు. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, గంటసేపు కాళ్ళు మడిచి చాపి, చేతులు ఎత్తి దించి పంపేవాడిని. కీళ్ళు బిగుసుకోకుండా ఉండటానికి అది పనికొచ్చింది, కొందరు పిల్లలకు ఇప్పటికీ అవసరమే. కాని నెలల తరబడి అలా చేసిన బిడ్డకు కొత్త పని ఒక్కటి కూడా వచ్చేది కాదు. తరువాత్తరువాత నేను బిడ్డ చేతిని కదపడం మానేసి, బిడ్డే చేయి చాపక తప్పని పరిస్థితిని కల్పించడం నేర్చుకున్నాను. చెమట పట్టవలసింది బిడ్డకు, నాకు కాదు అని ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను.

వాకర్ సంగతి ఇక్కడే వస్తుంది. గరివిడి వైపు నుంచి పదకొండు నెలల పాపను తీసుకువచ్చారు. వాళ్ళ నాయనమ్మ, "బండిలో ఊరంతా తిరిగేస్తాది బాబూ, కిందెట్టితే మాత్రం కదల్దు" అన్నది. పాపను బొంత మీద నిలబెట్టి పట్టుకున్నాను. మడమలు నేలకు ఆనలేదు, మునివేళ్ళ మీదే నిలిచింది. కూర్చోబెట్టి భుజాన్ని పక్కకు మెల్లగా తోశాను. ఆ వయసు బిడ్డ అటువైపు చేయి చాపి నేల మీద ఆనించుకోవాలి. ఈ పాప చేయి కదలలేదు, తలగడ ఒరిగినట్టు ఒరిగిపోయింది. వాకర్‌లో ఆమె ఎప్పుడూ పడలేదు, అందుకని పడబోతున్నప్పుడు చేయి చాపవలసిన అవసరమే ఆమె మెదడుకు కలగలేదు. బరువంతా గుడ్డ సీటు మోస్తుంది, మునివేళ్ళతో ఒక్క తోపు తోస్తే బండి జారుతుంది, ముందున్న పళ్ళెం వల్ల తన పాదాలు తనకు కనిపించవు. పిల్లిపిల్ల ఎక్కిన పెట్టె కన్నా ఇది కాస్త మెరుగు, అంతే. 1999లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో వాకర్ వాడిన పిల్లలు వాడనివారి కన్నా ఆలస్యంగా కూర్చున్నారు, ఆలస్యంగా పాకారు, ఆలస్యంగా నడిచారు. మెట్ల మీద నుంచి పడే ప్రమాదం వల్ల కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం.

ఆ పాపకు నేను మందేమీ ఇవ్వలేదు. వాకర్ తీయించాను, మెలకువగా ఉన్నంతసేపు నేల మీద ఉంచమన్నాను. తక్కువ ఎత్తు పీట ఒకటి అడ్డంగా పెట్టి, దాని అవతల స్టీలు గిన్నె, గరిటె ఉంచమన్నాను. మొదటి వారం ఏడ్చింది. ఆరు వారాలకు చేతులు నేలకు ఆనించుకుని పీట దాటింది, పదిహేనో నెలలో నడిచింది. మన పల్లెల్లో ఇదివరకు వడ్రంగులు చేసి ఇచ్చిన మూడు చక్రాల నడకబండి వేరు. దాన్ని బిడ్డ నిలబడి తోస్తుంది, తన బరువు తానే మోస్తుంది. నిలదొక్కుకున్న బిడ్డకు, మనిషి దగ్గర ఉన్నప్పుడు, దానివల్ల నష్టం లేదు.

పాకడం తప్పనిసరా అన్న ప్రశ్నకు వస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి ఐదు దేశాల్లోని ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించి 2006లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, చేతులు మోకాళ్ళ మీద పాకడం 5.2 నుంచి 13.5 నెలల మధ్య, ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య వస్తాయి. వారిలో 4.3 శాతం పిల్లలు అసలు ఆ విధంగా పాకనే లేదు, మిగిలిన పనులన్నీ నేర్చుకున్నారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సి.డి.సి. 2022లో తన ఎదుగుదల పట్టిక నుంచి పాకడాన్ని తొలగించింది. బొబ్బిలి నుంచి వచ్చిన ఒక బాబు కూర్చునే జరుగుతూ, ఒక కాలితో నేలను తన్నుకుంటూ ఇల్లంతా చుట్టేవాడు. వాళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు అంతేనని వాళ్ళ నానమ్మ చెప్పింది. పదిహేడో నెలలో నడిచాడు, ఇప్పుడు బాగానే చదువుకుంటున్నాడు. కాబట్టి పక్కింటివారి మాటను మనసులో నుంచి తీసేయండి.

అంతమాత్రాన పాకడం విలువ లేనిదని నేను అనను. తానుగా చోటు మారడం మొదలైన తరువాతే పిల్లలకు ఎత్తు అంటే భయం ఏర్పడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త జోసెఫ్ కాంపోస్ బృందం 1992లో చూపింది. అదే రంగానికి చెందిన కారెన్ అడోల్ఫ్ చేసిన వాలుబల్లల ప్రయోగాలు ఇంకా ఆసక్తికరం. వారాల తరబడి పాకి, ఏ వాలు దిగగలమో ఏది దిగలేమో బాగా తెలుసుకున్న పిల్లలే, నడక మొదలైన కొత్తలో నిటారు వాలు మీదికి నిర్భయంగా అడుగు వేసి పడిపోయారు. పాకే శరీరం నేర్చుకున్నది నడిచే శరీరానికి దానంతటది రాలేదు, మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. నడక నేర్చుకునే బిడ్డ స్వేచ్ఛగా ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేస్తుందని, 17 సార్లు పడుతుందని ఆమె బృందమే 2012లో లెక్కపెట్టింది. మన పెద్దలు బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు అని ప్రతి మెట్టుకూ విడివిడిగా పండుగ చేశారు. ఒక మెట్టు వచ్చినంత మాత్రాన తరువాతిది వచ్చినట్టు కాదని ఆ వరుసే చెబుతోందని నాకనిపిస్తుంది.

ఆగకూడని సందర్భాలు. ఇది మీకు మాత్రమే కాదు, చంటిబిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ చెబుతున్నాను. నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోవడం, నాలుగు నెలల తరువాత కూడా పిడికిలి విప్పకపోవడం, తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఎత్తుకుంటే కాళ్ళు కత్తెరలాగా బిగుసుకోవడం లేదా ఒళ్ళంతా గుడ్డపేలికలా వదులుగా ఉండటం, ఒకసారి వచ్చిన పని మళ్ళీ పోవడం, ఏడాది నిండకముందే ఒకే చేతిని వాడటం.

ఈ చివరిదాని గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మనవాళ్ళు ముచ్చటగా చెప్పుకుంటారు. ఆమదాలవలస వైపు నుంచి ఒక బాబు పదిహేను నెలల వయసులో నా దగ్గరకు వచ్చాడు. నెల తక్కువలో పుట్టాడు. తల్లిదండ్రులు హైదరాబాదులో కట్టడం పనిలో ఉంటే అమ్మమ్మ పెంచుతోంది. "మా గుంటడిది పుర్రచెయ్యి బాబూ, ఆరోనెల నుంచీ అంతే" అని ఆమె నవ్వుతూ చెప్పింది. నడక కోసం తీసుకువచ్చారు, చేయి గురించి కాదు. బొంత మీద నాలుగు మురీలు (మరమరాలు) వేశాను. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కొక్క గింజా చక్కగా ఏరుకున్నాడు. కుడిచేయి తొడ పక్కన ముడుచుకుని ఉంది, బొటనవేలు పిడికిలి లోపల ఉంది. అతని ఎడమచేతిని మెల్లగా పట్టుకున్నాను. కుడిచేయి బయటికి రాలేదు, నోరు వంచి మురీల మీదికి వాలాడు, అందక ఏడ్చాడు. అది ఎడమచేతి వాటం కాదు, కుడివైపు బలహీనత. చేతివాటం సాధారణంగా రెండో ఏడు దాటాక స్పష్టపడుతుంది, అంతకుముందు బిడ్డ రెండు చేతులనూ సమానంగానే వాడాలి.

ఆ అమ్మమ్మ అంతకుముందు ఒక ఆసుపత్రిలో అడిగితే, రెండేళ్ళు వచ్చేదాకా ఆగండి, అదే సర్దుకుంటుంది అన్నారట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. పైన చెప్పిన తంతువుల పోటీ సరిగ్గా ఆ రెండేళ్ళలోనే జరుగుతుంది. బలంగా ఉన్న చేయి అన్ని పనులూ తానే చేస్తూ పోతే, వాడుకలేని చేయి తాలూకు మార్గం ఆ పోటీలో ఇంకా వెనకపడుతుంది. ఎడమచేతికి మెత్తని గుడ్డ తొడుగు వేసి, రోజుకు కొంతసేపు ఆట అంతా కుడిచేతితోనే సాగేలా చేశాము. ఇది ఎవరికివారు ఇంట్లో మొదలుపెట్టకూడదు, ఎంతసేపు వేయాలో, ఎన్ని వారాలు చేయాలో చూసి చెప్పేవారు ఉండాలి. ఆ బాబు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. సైకిలు హ్యాండిలు రెండు చేతులతో పట్టుకుంటాడు, పలక కుడిచేత్తో ఆపుకుంటాడు. చొక్కా గుండీలు మాత్రం ఎడమచేత్తోనే పెట్టుకుంటాడు. ఆరో నెలలో వచ్చి ఉంటే ఆ గుండీలు కూడా వచ్చేవేమోనన్న ఆలోచన నన్ను వదలదు.

ఇంట్లో ఏం చేయాలో చెబుతాను. నేల మీద బొంతో చాపో పరిచి, మెలకువగా ఉన్నంతసేపు బాబును అక్కడే ఉంచండి. మరీ మెత్తని పరుపు వద్దు, దాని మీద బిడ్డ తోసుకోలేడు. ఇష్టమైన వస్తువును చేతికి అందీ అందని దూరంలో పెట్టండి, అందించే తొందర పడకండి. కాళ్ళకు మేజోళ్ళు, బూట్లు ఇంట్లో అక్కరలేదు, ఉత్త పాదం గచ్చును పట్టుకోవాలి. ఇంకా చోటు మారలేని పసిబిడ్డలను రోజు మొత్తంలో కనీసం అరగంట బోర్లా ఆడించాలని, ఏ సీటులోనూ ఒకేసారి గంటకు మించి కట్టి ఉంచకూడదని, ఏడాది లోపు టీవీ, ఫోను తెర అసలు చూపకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టాలి, బోర్లా ఉంచడం మెలకువలోనే, మీ కళ్ళ ముందే.

నూనె మర్దనా, చీర ఉయ్యాలా మానేయమని నేను ఎవరికీ చెప్పను. తల్లి చేతి స్పర్శ బిడ్డకు మంచిది. అయితే కాళ్ళూ చేతులూ బలంగా లాగి విరిచినట్టు చేసే మర్దన వద్దు. అవి ఎంత బాగా చేసినా నేల మీది ఆటకు బదులు కావు. మరొక విషయం, రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67 శాతం మందికి అది ఉంది. ఇనుము తక్కువైన బిడ్డ కదలడానికే బద్ధకిస్తుంది, ఎంత నేల ఇచ్చినా ముందుకు సాగదు. ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

బిడ్డను రోజూ ఇంతసేపు బలవంతంగా పాకిస్తే తెలివి పెరుగుతుందని, నలుగురు మనుషులు నాలుగు వైపులా పట్టుకుని చేతులు కాళ్ళు ఒక వరుసలో ఆడిస్తే దెబ్బతిన్న మెదడు బాగవుతుందని చెప్పేవారు కనిపిస్తారు. ఇది అమెరికాలో గ్లెన్ డోమన్ ప్రచారం చేసిన పద్ధతి. దానికి ఆధారం లేదని అక్కడి పిల్లల వైద్యుల సంఘం 1982లోనూ, మళ్ళీ 1999లోనూ ప్రకటించింది. అటువంటి వాటికి పొలం అమ్ముకున్నవారిని నేను చూశాను. దయచేసి వెళ్ళకండి.

ఆలస్యం చేశామా అని అడిగారు. మధ్య ఆసియాలోని తజికిస్తాన్ నుంచి పరాగ్వే అడవుల దాకా, పిల్లలను నెలల తరబడి ఊయలకు కట్టి ఉంచే జాతులు, పాము పుట్రల భయంతో చంక దించని జాతులు ఉన్నాయి. వారి పిల్లలు ఆలస్యంగా నడుస్తారు, కొన్నేళ్ళకు అందరితో సమానంగా పరుగెత్తుతారు. అదే టెహరాన్ అనాథాశ్రమాల్లో, మనుషులు చాలక పిల్లలను రోజంతా మంచాల్లోనే వెల్లకిలా వదిలేసిన చోట, రెండో ఏట కూడా చాలామంది కూర్చోలేకపోయారని మనస్తత్వ శాస్త్రవేత్త వేన్ డెనిస్ 1960లో రాశాడు. మీ బాబు ఈ రెండో కోవకు చెందడు. ఎత్తుకునే చేతులు, పలకరించే గొంతులు చుట్టూ ఉన్న ఇంట్లో పెరుగుతున్నాడు. నాలుగైదు గంటల వాకర్ వల్ల పోయిన అభ్యాసాన్ని కొన్ని వారాల నేల ఆటతో తిరిగి సంపాదించుకుంటాడు.

మీ తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ నెలకు ఏ పని రావాలో బొమ్మలతో సహా ఉంటుంది, అంగన్‌వాడీ కార్యకర్తతో కలిసి ఒకసారి చూడండి. పైన చెప్పిన గుర్తుల్లో ఒక్కటి కనిపించినా, 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపమని అడగండి, అక్కడ ఖర్చు ఉండదు. వెళ్ళేముందు బాబు కడుపు నిండి హుషారుగా ఉన్న వేళ, ఒంటి మీద బట్టలు తక్కువగా ఉంచి, ఫోనులో మూడు నిమిషాల వీడియో తీయండి. వెల్లకిలా, బోర్లా, కూర్చుని ఉన్నప్పుడు ఒక్కొక్క నిమిషం చాలు. చేతికి అందే దూరం కన్నా జానెడు అవతల ఒక గిన్నె పెట్టి, ఎవరూ సాయం చేయకుండా ఏ చేయి చాపుతాడో, ఎలా అందుకుంటాడో రికార్డు చేయండి. రెండు వారాల తరువాత అదే బొంత మీద, అదే గిన్నెతో ఇంకొకటి తీసి, రెండూ చూపించండి.